నరం నవ్వే నవ్వు

మార్చి 3

అక్కకి,

వందనాలు. ఒంట్లో ఎలా ఉందని అడగడం లేదు. మన చర్చి అయ్యగారే మూడు పేజీలు రాశారు. అందులో రెండున్నర పేజీలు నీ గురించే. మిగతా అర పేజీలో చర్చి పైకప్పు కారుతోందని రాశారు.

జనవరిలో నీకు జబ్బు చేసిన రోజు బావ ఫోన్ చేసి, "మీ అక్క మూతి పక్కకి పోయిందిరా, ఎడమ చెయ్యి లేవడం లేదు" అన్నాడు. ఇప్పుడు మూతి దానంతటది దారికొచ్చిందట. చెయ్యి సగం లేస్తోందట. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రోజు నుంచి నీ ముఖాన నవ్వు ఆగడం లేదట. "కష్టకాలంలో ఆనందాన్ని ఎంచుకున్న సహోదరి" అని అయ్యగారు రాశారు. ఇది ఏ సహోదరి గురించా అని పై పేజీ తిప్పి మళ్లీ చూశాను. పాలవాడు చుక్క తక్కువ పోస్తే వీధి చివరిదాకా వినపడేలా తిట్టే మనిషివి. నువ్వు ఆనందాన్ని ఎంచుకోవడమేమిటి? నిన్ను చూస్తే అదే సందు మార్చుకుని పోవాలి.

కానీ పోయిన ఆదివారం నా చెవులతో నేనే విన్నాను. "అక్కా, ఎలా ఉన్నావ్?" అన్నాను, అంతే. నాలుగు నిమిషాలు నవ్వావు. విని విని నాకూ నవ్వొచ్చింది. చివరికి బావ ఫోన్ లాక్కుని, "ఇక పెట్టెయ్, మాట్లాడటం దీనివల్ల కాదు, ఏదైనా ఉంటే ఉత్తరం రాస్తుంది" అన్నాడు.

ఏప్రిల్‌లో వద్దామని సెలవు అడిగి ఉన్నాను. నువ్వు ఇంత బాగున్నప్పుడు తొందరేముందని వెనక్కి తీసుకున్నాను.

నా సంగతి చెప్పుకోడానికేం లేదు. గదిలో ముగ్గురం. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ, మూస్తే మా గోడ. పనిలో లిఫ్టులు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. నేను బాగున్నాను.

నీ తమ్ముడు


మార్చి 14

ఒరేయ్ చిన్నోడా,

సెలవు వెనక్కి తీసుకున్నందుకు నీ రెండు చెంపలూ వాయించాలి. ఒక చెయ్యి సరిగ్గా లేవదు కాబట్టి ఒక చెంప బతికిపోయింది.

నేను నవ్వడం లేదురా. నరం నవ్వుతోంది. డాక్టరమ్మ కాగితం మీద మెదడు బొమ్మ గీసి మరీ చూపించింది. బొమ్మ మొలకలొచ్చిన బంగాళదుంపలా ఉంది. "నవ్వుని అదుపులో పెట్టే దారి దెబ్బతిందమ్మా. లోపల ఏమీ లేకపోయినా బయటికి వచ్చేస్తుంది. కొందరికి ఏడుపొస్తుంది, మీకు నవ్వొచ్చింది" అంది. ఎవరైనా పలకరిస్తే నవ్వు. తలుపు చప్పుడైతే నవ్వు. మొన్న మీ బావ వేలికి ఉలి దిగి నెత్తురు కారుతుంటే, గుడ్డ చుడుతూ నవ్వాను. "ఆనందించింది చాల్లేవే, ముందు గట్టిగా కట్టు" అన్నాడు.

నవ్వుతున్నంతసేపూ పొట్ట నొప్పి, ఊపిరందదు. లోపల మాత్రం ఎవరూ లేని గదిలో రేడియో మోగుతున్నట్టుంటుంది. పెట్టింది ఎవరో తెలియదు. ఆపడానికి మీట ఎక్కడుందో తెలియదు. నువ్వు ఫోన్ చేసిన రోజు "రా, ఒక్కసారి వచ్చి చూసిపో" అని చెప్పాలని నోరు తెరిచాను. తమరు కూడా కలిసి నవ్వారు.

చర్చి సంగతి అడగకు. జబ్బు తర్వాత వెళ్లిన మొదటి ఆదివారం, అందరూ కళ్లు మూసుకుని పాపాలు ఒప్పుకుంటున్న సమయంలో నేను పకపకా నవ్వాను. బయటికి పంపిస్తారనుకున్నాను. అయ్యగారు కళ్లు తెరిచి, నన్ను చూసి, చేతులు పైకెత్తి, "చూడండి! ఇదీ ఆనందమంటే!" అన్నారు. ఆ వారంలోనే పెయింటరుని పిలిపించి గోడ మీద పసుపు రంగుతో 'ఆనందాన్ని ఎంచుకో' అని మూరెడేసి అక్షరాలు రాయించారు. వాడు మొదట్లో జోరుగా రాసుకుంటూ పోయాడు. చివర చోటు చాలక 'కో' మూలకి నక్కింది. దాని కిందే నా కుర్చీ. పక్క చర్చిల నుంచి కూడా వచ్చి చూసి వెళ్తున్నారు. అయ్యగారు చెడ్డవాడు కాదు. అరవై మందితో మొదలుపెట్టి ఇరవై రెండు మందితో నడుపుతున్న మనిషి. ఆయనకి ఒక అద్భుతం అవసరమైంది, నేను దొరికాను.

చర్చిలో పరిశుద్ధురాలిని. మన కొట్లో మాత్రం పొగరుబోతుని. శవపెట్టెలు చేసే కొట్లో నవ్వే ఆడమనిషిని ఎవరు భరిస్తారు చెప్పు? ఇరవై రెండేళ్లుగా ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడి, కొలతలు రాసుకునేది నేనే కదా. పెట్టె మీ బావ చేస్తాడు. కానీ వచ్చినవాళ్లు ముందు కూర్చునేది నా ఎదురుగా. ఎత్తెంత అని నేను ముందే అడగను. "ఎలా పడుకునేవారు?" అని అడుగుతాను. కుడిపక్కకి తిరిగా, ముడుచుకునా, దిండు ఎత్తుగానా అని. దాన్నిబట్టి లోపలి గుడ్డ, దిండు కుడతాను. ఆ మాట అడిగేసరికి, అప్పటిదాకా బిగదీసుకుని ఉన్నవాళ్లు మాట్లాడటం మొదలుపెడతారు. అదే నా పని. దాని ముందు కుట్టు ఏపాటి?

పోయిన నెల ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. తండ్రి పోయాడు, స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మనిషి. "ఎలా పడుకునేవారు బాబూ?" అన్నాను, నవ్వు ఎత్తుకుంది.

పెద్దవాడు, "ఏంటమ్మా, మా నాన్న పడక అంత నవ్వులాటగా ఉందా?" అన్నాడు.

మీ బావ పరిగెత్తుకొచ్చాడు. "ఏమనుకోకండి బాబూ, నరం దెబ్బతింది."

"నరం లేదు, వంకాయ లేదు. బలుపు" అని చిన్నవాడు లేచాడు. వంతెన అవతలి కొట్టుకి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి మీ బావ నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి తెర వేశాడు. అక్కడ గుడ్డ కత్తిరించుకుంటున్నాను. ముందు స్టూలు ఖాళీ. నాకు ఆ స్టూలు కావాలిరా. ఇంకేం అక్కర్లేదు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. రెండు వారాల్లో నవ్వు అదుపులోకి వస్తుందంది. అవి అల్మరాలో ఉన్నాయి. "దేవుడిచ్చిన ఆనందాన్ని మాత్రతో ఆపుతారా అమ్మా?" అంటారు అయ్యగారు. మీ బావ గోడ మీద పిల్లి. మన కొట్టుకి వచ్చేవాళ్లలో సగంమందిని పంపేది అయ్యగారే మరి. నువ్వు చెప్పు. వేసుకోమంటే వేసుకుంటాను, వద్దంటే మానేస్తాను. ఇక్కడ ప్రతివాళ్లకీ నా నవ్వుతో ఏదో ఒక అవసరముంది. లేనిది నీ ఒక్కడికే.

అక్క


మార్చి 23

అక్కా,

ఇలాంటి ఉత్తరం నా జన్మలో చదవలేదు. గదిలో పైకి చదివితే మిగతా ఇద్దరూ మంచాల మీద దొర్లారు. 'బలుపు' దగ్గర ఒకడికి పొలమారితే వీపు చరచాల్సి వచ్చింది. మళ్లీ మళ్లీ చదివించుకుంటున్నారు.

నువ్వు నరం అంటున్నావు. నాకు నమ్మకం లేదు. దిగులుతో ఉన్న మనిషి ఇలా రాయగలదా? నాకు తెలుసు, ఎవరైనా మెచ్చుకుంటే నీకు ఇబ్బంది. చిన్నప్పుడు పాటల పోటీలో మొదటి బహుమతి వస్తే, మిగతావాళ్లకి గొంతు బాగోలేదని చెప్పుకుంటూ తిరిగావు. ఇదీ అలాంటిదే. దేవుడు నీకు ఇచ్చినదాన్ని నరం మీదకి తోసేస్తున్నావు.

అందుకని నా మాట, మాత్రలు వద్దు. జబ్బు పడ్డవాళ్లని చాలామందిని చూశాను, నీలా నవ్వినవాళ్లని చూడలేదు. స్టూలు ఎక్కడికి పోతుంది? జనం నెమ్మదిగా అలవాటుపడతారు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం నలుగురికీ పనికొస్తుందనిపించి, శుభ్రంగా తిరగరాసి అయ్యగారికి పంపాను. భయపడకు, అయ్యగారి గురించి నువ్వు రాసినవన్నీ తీసేశాను. డాక్టరమ్మ, నరం, మాత్రలు, అవీ తీసేశాను. వైద్యం గొడవ సభకి ఎందుకని. మిగిలింది చాలా బాగా కుదిరింది.

నేను బాగున్నాను.

తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడికి,

నువ్వు శుభ్రంగా తిరగరాసిన ఉత్తరం పోయిన ఆదివారం అయ్యగారు వేదిక మీద చదివారు. అందులోంచి నన్ను తీసేసి మిగతాదంతా ఉంచావు. బావ వేలు తెగితే నవ్వాను, చచ్చినవాళ్ల కొడుకుల ముందు నవ్వాను, అంతే. ఎందుకో అందులో లేదు. విన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత విశ్వాసం!" అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. నేను ఏం చేశానో చెప్పాలా? నవ్వాను.

ఇప్పుడు ఏప్రిల్ 28న 'ఆనంద కూటం' అని పెట్టారు. చుట్టుపక్కల చర్చిలన్నిటికీ కబురు వెళ్లింది. నేను వేదిక మీద నిలబడి సాక్ష్యం చెప్పాలట. సాక్ష్యమంటే నోరు తెరిచి నవ్వితే చాలట, మాటలు అయ్యగారు చూసుకుంటారట.

నువ్వు వద్దన్నావని మాత్రలు వేసుకోలేదు. దానివల్ల ఏమైందో చెప్తాను. ఇది గదిలో పైకి చదవకు.

సోమవారం మీ బావ కలప చూడటానికి వెళ్లాడు. కొట్లో నేనొక్కదాన్నే. భార్యాభర్తలు వచ్చారు, చిన్న వయసువాళ్లు. తెర వెనకాల నుంచి రాక తప్పలేదు. కొలత అడగక ముందే ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. నోటితో చెప్పలేక. ఆ చేతుల మధ్య ఎంత దూరముందో నేను రాయను. ఆవిడ నా ముఖంలోకి చూసింది.

నవ్వాను. కత్తిరిస్తున్న తెల్లగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. అయినా ఆగలేదు. గోడవైపు తిరిగి తల కొట్టుకుంటూ నవ్వాను. ఆయన ఆవిడ భుజం పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నా నవ్వు వాళ్లకి వినపడుతూనే ఉండి ఉంటుంది.

నేను హాస్యంగా రాస్తాను కాబట్టి నీకు హాస్యంగా ఉంది. నాకు వచ్చిన రాత ఇది. ఇంకో రకంగా రాయడం నేర్చుకోలేదు. జనవరి నుంచి నేను ఒక్కసారి ఏడవలేదు, ఏడవబోతే నవ్వొస్తోంది. నేను దుఃఖంలో ఉన్నానని ఈ లోకంలో ఒక్క మనిషి నమ్మాలి. అది నువ్వు అనుకున్నాను.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నమ్ముతున్నాను. మాత్రలు ఈ ఉత్తరం మడిచేలోపల వేసుకో. నేను వద్దన్న మాట తప్పు. నీ ఉత్తరాన్ని కోసి పంపడం అంతకన్నా పెద్ద తప్పు. అయ్యగారికి ఈరోజే వేరే ఉత్తరం రాశాను. తీసేసిన ముక్కలన్నీ, ఆయన మీద నువ్వన్నవి తప్ప, వరసగా రాసి పంపాను.

ఎందుకలా చేశానో కూడా చెప్పాలి. నీ నవ్వుతో అవసరం లేనిది నా ఒక్కడికే అన్నావు. అది నిజం కాదు.

నాతోపాటు లిఫ్టుల పని చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. లిఫ్టు కింద గుంట ఉంటుంది, దాంట్లోకి దిగి పని చేయాలి. పోయిన నవంబరులో ఇద్దరం దిగాం. టార్చి సరిగ్గా వెలగడం లేదని, ఇంకోటి తెమ్మని నన్ను పైకి పంపాడు. నేను టార్చి పట్టుకుని వచ్చేసరికి పైనుంచి లిఫ్టుకి కట్టిన ఇనప బరువు జారి గుంటలో పడింది. ఆయన లోపల ఉన్నాడు.

అప్పటి నుంచి నేను గుంటలోకి దిగలేదు. లిఫ్టు కూడా ఎక్కలేదు. నన్ను స్టోరు గదిలో బోల్టులు లెక్కపెట్టి ఇచ్చే పనిలో వేశారు. లిఫ్టులు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి అని నీకు రాసింది అబద్ధం కాదు. వాటిలో నేను లేను, అంతే. గది ఏడో అంతస్తు. మెట్లెక్కుతాను.

నీకు జబ్బు చేసిందని తెలిసినప్పుడు నాలో అప్పటికే ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత నువ్వు నవ్వుతున్నావని అయ్యగారు రాశారు. మా అక్కకి అంత జరిగినా నవ్వుతోందంటే లోకంలో ఎక్కడో ఏదో ఉందనుకున్నాను. పొద్దున్నే మంచం మీద లేచి కూర్చోవడానికి అది పనికొచ్చింది. అది నరం అని నువ్వంటే నాకు వినబుద్ధి కాలేదు.

నేను బాగోలేను. ఇది ఎవరికైనా రాయడం ఇదే మొదలు.

తమ్ముడు


మే 2

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం అందిన నిమిషం నుంచి మాత్రలు వేసుకుంటున్నాను. వారానికి నవ్వు దగ్గులాగా తగ్గింది. పదో రోజున మీ బావ పొరపాటున నా కాలు తొక్కాడు. నేను నవ్వలేదు, తిట్టాను. ఆయన సంతోషం చూడాలి! "ఇంకోసారి తిట్టవే" అన్నాడు.

ఇక ఆనంద కూటం. రెండొందల మంది దాకా వచ్చారు. కారే పైకప్పు కింద బకెట్లు పెట్టి మరీ కూర్చున్నారు. నువ్వు పంపిన ముక్కలు అయ్యగారికి అందాయి. అందినా, కబుర్లు వెళ్లిపోయాయి కదా, ఆపలేకపోయారు. నా గురించి అరగంట చెప్పి, నన్ను లేపారు. జనం ముందుకి వంగి కూర్చున్నారు. నేను మైకు ముందు నిలబడ్డాను. నా ముఖం మామూలుగా ఉంది. ఒక నిమిషం గడిచింది. వెనకనుంచి ఎవరో, "మొదలుపెట్టండమ్మా" అన్నారు.

"అయిపోయిందండీ" అన్నాను. "ఇన్నాళ్లూ నవ్వింది నా మెదడులో ఒక నరం. దానికి మందు దొరికింది. ఆ నవ్వుతో ఒక తల్లిని ఏడిపించాను. అది ఆనందం కాదు. అసలు ఆనందం సంగతి నాకింకా తెలియదు. ఎప్పుడూ ఆనందించమని బైబిల్లో చెప్పిన అపొస్తలుడు జైల్లో కూర్చుని చెప్పాడు, ఆయన పళ్లు కనపడ్డాయో లేదో ఎవరూ చూడలేదు. ఏడ్చేవాళ్లతో ఏడవమని కూడా ఆయనే చెప్పాడు. అయ్యగారూ, అది ఏ గోడ మీద రాయిస్తారు?"

అయ్యగారు నిజంగానే గోడలు చూశారు పాపం. వచ్చి కూర్చున్నాను. "అయ్యో, ఉన్న ఆనందం కాస్తా పోయిందే" అని నా పక్కావిడ తన పక్కావిడతో అంది. తర్వాత పాట పాడి ముగించారు. బకెట్లు నిండాయి.

మర్నాడు పొద్దున్నే అయ్యగారు కొట్టుకి వచ్చారు. తిడతారనుకుని నేనూ నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని, కాలితో రంపప్పొట్టు పక్కకి తోసి, "అమ్మా, ఆ మాత్రలు మామూలు మనుషులు వేసుకుంటే ఏమవుతుంది?" అన్నారు.

"మీకు దేనికండీ?"

"నాకు నవ్వొచ్చి రెండేళ్లయింది. ఆదివారాల్లో మీ నవ్వు వింటుంటే కాస్త ధైర్యంగా ఉండేది."

"అవి నవ్వు ఆపే మాత్రలండీ. రప్పించేవి కావు."

"ఓహో" అన్నారు. ఆ 'ఓహో' వింటే నీకు జాలేసేది. టీ ఇచ్చాను. రెండు కప్పులు తాగారు. నా నవ్వు మీద బతికినవాళ్లు నువ్వు కాక ఈ ఊళ్లో ఇంకొకరు ఉన్నారని తెలిసింది. ముందే చెప్తే టికెట్టు పెట్టేవాళ్లం.

ఆ భార్యాభర్తల ఇల్లు కనుక్కుని వెళ్లాను. తలుపు ఆయన తీశాడు. "నాకు జబ్బు బాబూ, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"తెలిసిందమ్మా. కూటంలో చెప్పారట కదా."

"అమ్మాయితో ఒక్క మాట చెప్పనా?"

"రాదండి. నేను చెప్తాను" అని మెల్లగా తలుపు మూశాడు. విసురుగా వేసినా బాగుండేది.

వాళ్ల మెట్ల మీద కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు, జనవరి నుంచి రావాల్సిందంతా. ముక్కు చీదుకోవడానికి ఏమీ లేక కొలతల పుస్తకంలో కాగితం చింపాను. ఆ తల్లి నన్ను క్షమించలేదు. క్షమించాలని కూడా లేదు. కానీ ఏడుస్తుంటే ఒకటి అనిపించింది, ఇది నాదే అని. నా దుఃఖం నాకు వచ్చింది. దేవుడికి వందనాలు చెప్పాను. దేనికి చెప్పావంటే ఏమో. ఏడుపు వచ్చినందుకు వందనాలు చెప్పినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కొట్టుకి వచ్చి, మీ బావ కట్టిన తెర పీకి, ఆ గుడ్డ మడిచి లోపల పడేసి, స్టూలు మీద కూర్చున్నాను. మూడు రోజులు ఎవరూ రాలేదు. నేను లేవలేదు. ఆనందాన్ని ఎంచుకోవడమంటే ఇదో కాదో, ఈసారి అయ్యగారు టీకి వచ్చినప్పుడు అడుగుతాను.

ఇక నీ సంగతి. ఆ టార్చి గురించి మళ్లీ రాయకు. అది నాకు తెలిసింది. నా ముందు కూర్చున్నవాళ్లని ఏం అడుగుతానో అదే నిన్నూ అడుగుతున్నాను. ఆ పెద్దాయన ఎలా పడుకునేవాడు? నిన్ను ఏమని తిట్టేవాడు? దేనికి నవ్వేవాడు? వివరంగా రాయి. చేతిరాత బాగుండక్కర్లేదు, శుభ్రంగా తిరగరాశావంటే చంపుతాను.

అక్క


మే 13

అక్కా,

కూర్చోగానే పడుకునేవాడు. మధ్యాహ్నం తిన్నాక బూట్లు విప్పకుండా వెల్లకిలా పడుకుని, టిఫిన్ డబ్బా ఛాతీ మీద పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసేవాడు. ఖాళీ డబ్బా. "ఖాళీదాన్ని ఎవడెత్తుకెళ్తాడు?" అంటే, "నిండుగా ఉందనుకుని నువ్వే" అనేవాడు.

ఆయన కూడా మన విశ్వాసమే. గుంటలోకి దిగే ముందు టోపీ తీసి పైకి ప్రార్థించేవాడు. "ప్రభువా, ఈ పూట కూడా మమ్మల్ని కాపాడు. నా పక్కన ఉన్నవాడికి బోల్టు ఏ పక్కకి తిప్పితే బిగుస్తుందో తెలియజెయ్యి. నేను చెప్పి చెప్పి అలిసిపోయాను, ఇక నీ వల్లే కావాలి." నేను ఆమెన్ అనేదాకా దిగనిచ్చేవాడు కాదు. గుంటలో పాటలు పాడేవాడు, గొంతు ఘోరం. ఒకసారి మూడో అంతస్తు దగ్గర లిఫ్టులో ఇరుక్కున్న ఆవిడ, "పాట ఆపి తలుపు తీయండి బాబూ, మెట్లు దిగి పోతాను" అని అరిచింది. దానికి ఆయన నవ్వాడు. గుంటంతా నవ్వు. అది చాలా రోజులు మర్చిపోయాను. ఆ రోజు తప్ప ఆయన మిగతా రోజులన్నీ మర్చిపోయాను.

ఇది రాశాక ఏడ్చాను. మిగతా ఇద్దరూ గదిలోనే ఉన్నారు. ఒకడు రేడియో పెంచాడు, మర్యాద తెలిసినవాడు.

ఈరోజు స్టోరు తాళం వేసి గుంట దగ్గరికి వెళ్లాను. తలుపు తీసి చూశాను. దిగలేదు. టోపీ తీసి నిలబడ్డాను. ఆయన ప్రార్థన అంతా చెప్పాను, బోల్టు ముక్కతో సహా. ఆమెన్ కూడా నేనే అనుకున్నాను. తలుపు వేసి వచ్చాను. రేపు మళ్లీ వెళ్లి చూస్తాను.

సెలవు మళ్లీ అడిగాను. జూన్ రెండో వారం ఇస్తామన్నారు. ఈసారి నువ్వు ఎంత బాగున్నా వస్తాను.

తమ్ముడు


మే 24

ఒరేయ్ చిన్నోడా,

టిఫిన్ డబ్బా మీద చేతులేసుకుని పడుకునే మనిషికి దిండు పల్చగా ఉండాలి, మోచేతుల దగ్గర గుడ్డ వదులుగా వదలాలి. నేనైతే అలా కుట్టేదాన్ని. మీ బావకి చెప్తే, "డబ్బా కూడా పెట్టాలి, వెడల్పు పెంచాలి" అన్నాడు. ఇంత తెలివి ఆయనలో ఉందని ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ బయటపెట్టలేదు.

నిన్న జరిగింది చెప్తాను. స్టూలు మీద ఉన్నాను. ఈ నెలలో వచ్చినవాళ్లు నలుగురే. వాళ్లు కూడా నా వైపు అనుమానంగా చూస్తూ, తలుపు దగ్గరే నిలబడి, ఎత్తు చెప్పి వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో గొడుగు, ఆవిడ కన్నా గొడుగు ముసలిది. వచ్చీ రాగానే, "ఇక్కడ నవ్వే ఆవిడ ఉందట, ఎక్కడ?" అంది.

"నేనేనండీ. ఇప్పుడు నవ్వను, మందులు వాడుతున్నాను. భయం లేదు, కూర్చోండి."

"మానేశారా! అయ్యో నా ఖర్మ" అని కూలబడింది. "రెండు బస్సులు మారి వచ్చానమ్మా. మధ్యలో నాలుగు కొట్లు దాటుకుని."

వాళ్లాయన బస్సు కండక్టరట. నిన్న తెల్లవారేసరికి నిద్రలోనే పోయాడట. "నలభై ఏళ్లు నన్ను నవ్వించి చంపాడు. ఇప్పుడు ఇంటినిండా జనం. నేను ఆయన మాట ఒకటి చెప్పబోతే, ఇది ఏడవాల్సిన వేళ అంటారు ఒకరు. పరలోకానికి వెళ్లాడు, నవ్వుతూ ఉండు అంటారు ఇంకొకరు. ఆయన గురించి మాత్రం ఒక్కరూ చెప్పనివ్వరు. ఎక్కడో ఒక పిచ్చిది నవ్వుతుందని తెలిసి నీ దగ్గరికి వచ్చాను."

"ఎలా పడుకునేవారు?" అన్నాను.

"ఎక్కడ పడితే అక్కడ. చర్చిలో మరీను. ఒకసారి ప్రసంగం అయిపోయింది. రక్షణ కావలసినవాళ్లు లేచి ముందుకు రండి అని బోధకుడు కన్నీళ్లతో పిలుస్తున్నాడు. చర్చంతా నిశ్శబ్దం. ఈయనకి నిద్రలో 'ముందుకు రండి' ఒక్కటే వినపడింది. 'దిగేవాళ్లే రావాలి! చిల్లర చేతిలో పట్టుకోండి!' అని అరిచాడు."

ఆవిడ నా ముఖం వంక చూస్తోంది. నాకు నవ్వు రాలేదురా. మాత్రలు పెట్టిన తాళం కదా. నవ్వు ఉన్న చోటు తెలుస్తోంది, దారి బిగుసుకుపోయింది. భయం కూడా వేసింది. ఒకసారి తలుపు తీస్తే మళ్లీ ఆగకపోతే? బిడ్డ పోయిన ఆ తల్లి ముఖం కళ్ల ముందుకొచ్చింది. వద్దులే, తల ఊపి ఎత్తు రాసుకుందాం అనుకున్నాను. కానీ ఆవిడ రెండు బస్సులు మారి వచ్చింది. సరే అని, ఊపిరి పీల్చుకుని, కావాలని నవ్వాను. తడి చెక్కలో రంపం ఇరుక్కున్నట్టు ఒక చప్పుడు వచ్చింది.

ఆవిడ ముఖం ముడుచుకుంది. "ఛీ! ఇదా? దీనికా ఇంత పేరు?"

"అలవాటు తప్పిందండీ" అన్నాను.

"మా గేటు నయం, నూనె వేయకపోయినా ఇంతకన్నా బాగా నవ్వుతుంది."

అంతే. ఆవిడకి ముందొచ్చింది, నాకు తర్వాతొచ్చింది, లేకపోతే అటూ ఇటూ అయ్యుండొచ్చు. స్టూలు మీద నుంచి జారి బల్ల పట్టుకున్నాను. ఆవిడ గొడుగు పట్టుకుంది. మీ బావ ఉలితో పరిగెత్తుకొచ్చి, "మాత్ర మానేశావటే?" అని అరిచాడు. "వేసుకున్నానయ్యా!" అన్నాను. ఆయనకి నమ్మకం కుదరలేదు, వెళ్లి సీసాలో మాత్రలు లెక్కపెట్టాడు. సరిపోయాయి.

తర్వాత ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మళ్లీ కండక్టరు గారి మాట ఇంకోటి చెప్పింది. ఆగాలనుకున్నప్పుడు ఆగాను. రెండుసార్లు పరీక్ష చేసి చూసుకున్నాను.

వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "రేపు నువ్వు కూడా సమాధి దగ్గరికి రా. ఎవరైనా నన్ను నోరుమూసుకోమంటే నా పక్కన నిలబడు" అంది. ఈరోజు వెళ్లాను. గుప్పెడు మట్టి తీసి పెట్టె మీద వేస్తూ ఆవిడ, "దిగండి మరి" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆవిడ వంక మండిపడి చూశారు. నాతోపాటు వచ్చిన మన అయ్యగారు ప్రార్థన పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పుస్తకం వెనకాల ఆయన భుజాలు రెండూ ఊగుతున్నాయి. రెండేళ్ల తర్వాత నవ్వు, అదీ సమాధి అంచున. నేను వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

అక్క